లోహాలు, కృత్రిమ ప్రోటీన్లు: మా గోదావరి వైపు వినిపించే అపోహలు

లోహాలను పట్టుకునే చిన్న చిన్న ప్రోటీన్లు తయారుచేయడం నా పరిశోధన. ఈ మాట చెప్పగానే మా భీమవరం వైపు వచ్చే మొదటి ప్రశ్న, "అంటే జిమ్ వాళ్లు తాగే పౌడరా అండీ?" అని. కాదండీ. ప్లాస్టిక్ లాంటిదీ కాదు. మన ఒంట్లో ప్రోటీన్లకు ఇటుకల్లాంటి ఎమైనో ఆమ్లాలనే ప్రకృతిలో లేని వరుసలో కూర్చుతాం. పొట్టి గొలుసులైతే ల్యాబ్‌లోనే ఒక్కొక్కటిగా అతికిస్తాం. 1963లో రసాయన శాస్త్రవేత్త మెర్రిఫీల్డ్ చూపించిన దారి అది, 1984లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది. పొడవైనవైతే వాటి జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి దానిచేత చేయిస్తాం. మిల్లీగ్రాముల్లో వస్తేనే మాకు పండగ. ఇక తాగడానికి ఎక్కడిది!

అపోహ: ఒంట్లోకి లోహం వెళ్తే విషమే

సీసం, పాదరసం విషయంలో ఆ భయం సరైనదే. కానీ ప్రోటీన్లలో సుమారు మూడో వంతుకు ఏదో ఒక లోహం తోడు కావాలి. బీ12 విటమిన్ మధ్యలో ఉన్నది కోబాల్ట్. కాబట్టి ఏ లోహం అని అడిగి ఊరుకోకూడదు, దాన్ని ఏవి పట్టుకున్నాయి, ఎటు నుంచి పట్టుకున్నాయి అనీ అడగాలి.

సిస్‌ప్లాటిన్ అనే మందు సంగతి చూడండి. ఒక ప్లాటినం, దాని చుట్టూ రెండు క్లోరిన్లు, రెండు అమ్మోనియాలు, అంతే. 1844లోనే తయారైనా దాని అసలు పని ఎవరికీ తెలియలేదు. 1965లో రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలోకి కరెంటు పంపి చూస్తుంటే, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం వల్ల కణాలు రెండుగా విభజన చెందడం ఆగిపోయింది. 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది. అవే పరమాణువులతో, క్లోరిన్లు పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా ఉండేలా తయారుచేస్తే మందుగా పనికిరాదు! ప్లాటినం ఉంగరం పెట్టుకుంటే కణితి కరుగుతుందనే వాళ్లకు నా జవాబు ఇదే. అలాగని సిస్‌ప్లాటిన్ సాధువేమీ కాదు, కిడ్నీలను దెబ్బతీస్తుంది. అందుకే ఆ మందు ఇచ్చేటప్పుడు సెలైన్ కూడా ఎక్కిస్తారు.

అపోహ: రొయ్యకు రక్తం ఉండదు

ఉంటుంది, ఎర్రగా ఉండదంతే. రొయ్యకైనా పీతకైనా ఆక్సిజన్ మోసేది హీమోసయనిన్ అనే ప్రోటీన్. అందులో ఇనుము బదులు రాగి ఉంటుంది. రెండు రాగి పరమాణువుల మధ్య ఒక ఆక్సిజన్ అణువు ఇరుక్కున్నప్పుడు నీలం రంగు వస్తుంది, వదిలేస్తే రంగే ఉండదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి ఏరేటర్లు తిప్పుతున్నామంటే, ఆ రాగి జంటలకు పని దొరక్కనే. వండిన రొయ్య ఎర్రబడటం మాత్రం లోహం పని కాదు. పెంకులోని ఆస్టాక్సాంథిన్ అనే రంగు పదార్థాన్ని ఒక ప్రోటీన్ పట్టుకుని దాని రంగు మార్చేస్తుంది. వేడికి ప్రోటీన్ పట్టు విడిపోయి అసలు రంగు బయటపడుతుంది.

మన రక్తంలో ఇనుము ఉంది కాబట్టి దానంతటదే ఆక్సిజన్ మోస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఇనుమును మధ్యలో పెట్టుకున్న చిన్న అణువు హీమ్. ప్రోటీన్ లేకుండా దాన్ని నీళ్లలో వదిలితే, ఆక్సిజన్ తగిలాక రెండేసి హీమ్‌లు దాన్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుపోతాయి. ఇక వెనక్కి వదలవు. గ్లోబిన్ ప్రోటీన్ ఒక్కో హీమ్‌ను విడిగా దాచిపెడుతుంది కాబట్టే మనం బతుకుతున్నాం. 1970లలో కోల్‌మన్ బృందం, పెరటికి దడి కట్టినట్టు హీమ్ లాంటి అణువుకు ఒక పక్కన అడ్డుగా పరమాణువుల గుంపులు అతికించి, ప్రోటీన్ లేకుండానే ఆక్సిజన్‌ను పట్టించి, వదిలించింది. మా రంగంలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నచ్చే పని అదే.

అపోహ: ఇప్పుడంతా కంప్యూటరే చేసేస్తుంది

కంప్యూటర్‌తో ప్రోటీన్ల ఆకారాలు కనిపెట్టినందుకు, కొత్తవి రూపొందించినందుకు 2024 కెమిస్ట్రీ నోబెల్ బేకర్, హసాబిస్, జంపర్‌లకు వచ్చాక ఈ మాట బాగా ఎక్కువైంది. మడత పడే ఆకారం వరకు కంప్యూటర్ సాయం నిజంగా గొప్పదే, కాదనను. లోహంతో పని చేయించడం వేరే సంగతి. ఎర్ర రక్తకణాల్లో కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంది. జింక్‌ను మూడు హిస్టిడిన్లతో (అదొక ఎమైనో ఆమ్లం) పట్టుకుని, నాలుగో చోటు నీటికి వదిలేస్తుంది. ఆ ఒక్క చోటు వల్లే సెకనుకు సుమారు పది లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను బైకార్బోనేట్‌గా మార్చేస్తుంది. నాలుగో చోటూ మూసేస్తే జింక్ గట్టిగా నిలబడుతుంది, పని మాత్రం సున్నా.

2012లో పెకొరారో బృందం మూడు హెలిక్స్‌లు (స్ప్రింగులా చుట్టుకున్న గొలుసులు) పెనవేసిన కృత్రిమ ప్రోటీన్‌లో ఇలాంటి జింక్ స్థానం కట్టింది. ఆకారం నిలబెట్టడానికి వాడింది ఏమిటో తెలుసా? పైన విషమన్న పాదరసమే. అసలు ఎంజైమ్‌తో పోలిస్తే దాని సామర్థ్యం సుమారు 500 రెట్లు తక్కువ. వినడానికి చిన్నతనంగా ఉన్నా, మా లెక్కలో అది పెద్ద విజయం.

అపోహ: చిలేటెడ్ అని రాసి ఉంటే అన్నిటికన్నా మేలు

నాట్లు వేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే జింక్ లోపం అనుకుంటాం, షాపుకెళ్తే చిలేటెడ్ డబ్బా చేతిలో పెడతారు. చిలేటెడ్ అంటే లోహాన్ని ఒక అణువు చుట్టుముట్టి పట్టుకున్నదని. అలా పట్టుకునే ఈడీటీఏ లోహాన్ని ఆరు చోట్ల పట్టుకుంటుంది, మంచిదే. కానీ ఆ పట్టు ఏ నేలలోనైనా ఒకేలా నిలవదు. ఇనుము ఈడీటీఏనే తీసుకోండి, క్షార నేలలో పట్టు వదిలేస్తుంది, అక్కడ ఇంకా గట్టిగా పట్టే ఈడీడీహెచ్‌ఏ కావాలి. దుక్కిలో వేయడానికి ఎకరాకు 20 కిలోల మామూలు జింక్ సల్ఫేట్ సరిపోతుంది. పైరు మీదైతే లీటరుకు 2 గ్రాములు కలిపి పిచికారీ చేయవచ్చు. దాన్ని ఫాస్ఫేట్ ఉన్న డీఏపీ ఎరువుతో కలిపి మాత్రం చల్లకండి. జింక్ ఫాస్ఫేట్‌గా మారి కరగకుండా మట్టిలోనే ఉండిపోతుంది.