గేమ్ మ్యాపుల్లో అడుగుకు 16 యూనిట్లు ఎందుకు?

ఇంటి ప్లాన్ చూసి అంగుళం తేడా రాకుండా గేమ్ మ్యాప్, అంటే ఆటలో ప్లేయర్ తిరిగే చోటు, కడతారు. తీరా లోపలికెళ్తే బాత్‌రూమ్ తలుపులో ప్లేయర్ పట్టడు. లెక్కలో తప్పేమీ ఉండదు. చిక్కంతా గేముల్లో దూరాన్ని కొలిచే ‘యూనిట్’కు మొదట్నుంచీ నికరమైన పొడవంటూ లేకపోవడంలోనే ఉంది.

1993 నాటి డూమ్ అనే షూటింగ్ గేమ్‌లో యూనిట్ అంటే గోడ టెక్స్చర్‌లో (గోడకు అతికించే బొమ్మలో) ఒక పిక్సెల్. ప్లేయర్ ఎత్తు 56, వెడల్పు 32. 1996లో క్వేక్ కూడా అవే అంకెలు ఉంచింది. 1998లో హాఫ్-లైఫ్ ఎత్తును 72 చేసింది, వెడల్పు జోలికి పోలేదు. 72 అనగానే ఆరడుగులు, అంటే యూనిట్‌కు అంగుళం అనిపిస్తుంది. మనుషుల మోడళ్లకు ఆ లెక్క సరిపోతుంది కూడా.

2004లో హాఫ్-లైఫ్ 2 నడిచిన సోర్స్ ఇంజిన్‌లో (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) మాత్రం గోడలకు వేరే లెక్క: అడుగుకు 16 యూనిట్లు, అంటే యూనిట్‌కు ముప్పావు అంగుళం. ఈ కొలతలో అదే ప్లేయర్ నాలుగున్నర అడుగులే! అయినా కట్టడానికి ఇదే సరైనది. ఎందుకంటే ఇంజిన్ ప్లేయర్‌ను 32×32×72 పెట్టెగా చూస్తుంది. మనిషిలా భుజం తిప్పి దూరడం ఆ పెట్టెకు రాదు. రెండున్నర అడుగుల తలుపు అంగుళాల లెక్కన 30 యూనిట్లు, పెట్టె అక్కడే ఆగిపోతుంది. అడుగుకు 16 చొప్పున 40 అవుతుంది, అటూ ఇటూ నాలుగేసి యూనిట్ల సందు మిగులుతుంది.

మన ఇళ్ల ప్లాన్లు అడుగుల్లో ఉండటం ఇక్కడ బాగా కలిసొస్తుంది. 10×12 గది 160×192. తొమ్మిదంగుళాల గోడ 12, నాలుగున్నర అంగుళాలది 6. ఆరంగుళాల మెట్టు 8. ప్లేయర్ 18 దాకా దూకకుండానే ఎక్కుతాడు. మ్యాప్ గీసే ఎడిటర్‌లో గ్రిడ్ 2 పెడితే, అంటే రెండేసి యూనిట్లకో గీత ఉంచితే, ఇవన్నీ గీత మీదే పడతాయి.

ప్లాన్ మీటర్లలో ఉంటే జాగ్రత్త. మీటరుకు 52.49 యూనిట్లు, కాబట్టి 3 మీటర్ల గది 157.48. దాన్ని 160 చేస్తూ పోతే వరసగా నాలుగు గదులకు 10 యూనిట్లు, అంటే ఏడున్నర అంగుళాలు ఎక్కువొస్తుంది. ఒక మూలను సున్నాగా పెట్టుకుని, ప్రతి గోడ దూరాన్నీ అక్కణ్నుంచే లెక్కగట్టి, ఆఖర్న మాత్రమే గ్రిడ్‌కు సవరించాలి. గీత తప్పిన మూలల మధ్య మ్యాప్ బయటికి వెంట్రుకంత సందు మిగిలినా కంపైల్‌లో, అంటే మ్యాప్‌ను గేమ్ ఫైల్‌గా మార్చేటప్పుడు, ‘లీక్’ అనే లోపం వస్తుంది.

అన్‌రియల్ 4 అనే మరో ఇంజిన్‌లో యూనిట్ అంటే సెంటీమీటర్. సోర్స్ మ్యాప్‌ను అందులోకి తెచ్చేటప్పుడు 1.905తో (ముప్పావు అంగుళానికి సెంటీమీటర్లు) గుణిస్తే గోడలు సరిగ్గా వస్తాయి గానీ 72 యూనిట్ల ప్లేయర్ 137 సెంటీమీటర్ల పిల్లాడవుతాడు. ఆట తీరు మారకూడదనుకుంటే మ్యాప్‌నీ ప్లేయర్‌నీ 2.54తోనే (అంగుళానికి సెంటీమీటర్లు) గుణించాలి. మూడడుగుల తలుపు అప్పుడు 122 సెంటీమీటర్లు అవుతుంది. వెడల్పుగా కనిపించినా దాన్ని సన్నం చేయొద్దు, పరుగు దారులూ దాక్కునే చోట్లూ ఆ వెడల్పును బట్టే కుదిరి ఉంటాయి.