తలుపు తట్టకముందే మొదలయ్యే జనగణన

లెక్కలు రాసుకునే ఉద్యోగి గుమ్మంలో నిలబడి "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని అడుగుతాడు. ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి "నలుగురం" అంటుంది. లోపలి గదిలో మూడు నెలల మనవరాలు నిద్రపోతోంది. అంత పసిపిల్లను కూడా చెప్పాలని ఆవిడకు తోచలేదు. పని వెతుక్కుంటూ వచ్చి వాళ్లతోపాటే ఉంటున్న బంధువు సంగతి మాత్రం తెలిసే దాటేసింది. అద్దె ఇంట్లో మనిషి ఎక్కువయ్యాడని తెలిస్తే ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్. ఫారంలో నాలుగు అని పడింది. ఆ ఇంట్లో ఉన్నది ఆరుగురు.

ఇలా ఒక్కో ఇంట్లో ఒకరిద్దరు జారిపోతే దేశం మొత్తం మీద లక్షలవుతారు. ఆ నష్టం అందరికీ సమానంగా ఉండదు. పసిపిల్లలు, అద్దెకుండేవాళ్లు, వలస కూలీలు, మైనారిటీలు, మారుమూల ఉండేవాళ్లు ఎక్కువగా తప్పిపోతారు. బడి, ఆసుపత్రి, చట్టసభలో సీటు, వీటన్నిటికీ జనాభా అంకెలే ఆధారం. లెక్కలో పడనివాళ్ల వాటా పదేళ్లపాటు ఇంకెవరికో పోతుంది. జనగణనకు సమాజాన్ని ముందే సిద్ధం చేయాలన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. అది పుట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అమెరికాలో మొదటి జనగణన 1790లో జరిగింది. 39 లక్షల చిల్లర అని తేలితే, అసలు జనం అంతకంటే ఎక్కువే ఉంటారని అధ్యక్షుడు వాషింగ్టన్ కూడా అనుమానపడ్డాడు. కానీ అది అనుమానంగానే మిగిలిపోయింది. ఎంతమంది తప్పిపోయారో తేల్చాలంటే పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో లెక్క ఉండాలి కదా. అలాంటి లెక్క దొరకడానికి 150 ఏళ్లు పట్టింది. 1940 ఏప్రిల్‌లో జనగణన జరిగింది. అదే ఏడాది అక్టోబర్‌లో సైన్యంలో చేర్చుకోవడం కోసం 21 నుంచి 35 ఏళ్ల మగవాళ్లందరినీ పేర్లు నమోదు చేసుకోమన్నారు. జనగణన ప్రకారం రావాల్సినవాళ్ల కంటే సుమారు 3 శాతం మంది ఎక్కువ వచ్చారు. నల్లజాతి యువకుల్లో ఆ తేడా 13 శాతం! ఆరు నెలల కిందట వాళ్లంతా ఆ దేశంలోనే ఉన్నారు. లెక్కలోనే లేరు.

ఆ తర్వాత తప్పును కొలవడం కూడా జనగణనలో భాగమైంది. అసలు లెక్క ముగిశాక కొన్ని ప్రాంతాలను ఎంచుకుని, వేరే సిబ్బందితో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, రెండు జాబితాల్లోని మనుషులను ఒక్కొక్కరినీ సరిపోల్చి చూస్తారు. ఎవరు తప్పిపోయారో, ఎవరు రెండుసార్లు పడ్డారో అప్పుడు బయటపడుతుంది. అమెరికా 2020 లెక్కలో మొత్తం అంకె దాదాపు సరిగ్గానే వచ్చింది. విడదీసి చూస్తే, తమకు కేటాయించిన ప్రత్యేక ప్రాంతాల్లో ఉండే ఆదివాసీలు 5.64 శాతం, స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్ ప్రజలు 4.99 శాతం తక్కువ పడ్డారు. హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు 1.64 శాతం ఎక్కువ పడ్డారు. మొత్తం సరిపోయింది కదా అని ఊరుకుంటే ఈ అన్యాయం కంటికి కనబడదు.

మరి జనం ఎందుకు చెప్పరు? బద్ధకం, తెలియకపోవడం కొంత. అసలు కారణం భయం, దానికి పాత చరిత్రే ఉంది. పన్నులు వేయడానికో, యుద్ధానికి పట్టుకుపోవడానికో లెక్కపెడుతున్నారని పూర్వం నుంచీ జనానికి గుబులు. 1753లో బ్రిటన్‌లో జనగణన బిల్లు ఇలాంటి అభ్యంతరాల మధ్యే వీగిపోయింది. అక్కడ తొలి లెక్క 1801లో గానీ జరగలేదు. 1911లో ఓటు హక్కు కోసం పోరాడుతున్న మహిళలు, ఓటు ఇవ్వని ప్రభుత్వానికి లెక్క ఎందుకివ్వాలని జనగణనను బహిష్కరించారు. లెక్క జరిగిన ఆ రాత్రి వాళ్లలో ఒకరైన ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ పార్లమెంటు భవనంలోనే ఓ చీపుళ్ల గదిలో దాక్కుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, 1940లలో జరిగింది ఒక ఎత్తు. అమెరికాలో జనగణన వివరాలు గోప్యమని చట్టం చెప్పింది. 1942లో రెండో ప్రపంచ యుద్ధం పేరుతో ఆ రక్షణ సడలించారు. జపనీస్ మూలాలున్న కుటుంబాలు ఏ వీధుల్లో ఎక్కువగా ఉన్నాయో చెప్పే లెక్కలు, వాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించడానికి పనికొచ్చాయి. జనగణన సంస్థ డైరెక్టర్ 2000లో క్షమాపణ చెప్పాడు. నెదర్లాండ్స్‌లో జర్మన్ ఆక్రమణ కాలంలో జనాభా రిజిస్టర్లు యూదులను పట్టుకోవడానికి వాడారు. అందుకే 1943లో ప్రతిఘటన దళం ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ కార్యాలయం మీద దాడి చేసి నిప్పు పెట్టింది. ఆ జ్ఞాపకం 1971లో కూడా చల్లారలేదు. ఆ ఏడాది జనగణనకు పెద్ద ఎత్తున వ్యతిరేకత వచ్చింది, ఇంటింటి లెక్క అక్కడ అదే ఆఖరు. జర్మనీలో 1983లో రాజ్యాంగ న్యాయస్థానం జనగణనను ఆపి, తన వివరాలు ఎవరికి చేరాలో నిర్ణయించుకునే హక్కు పౌరుడికి ఉందని తీర్పు చెప్పింది.

ఇంత జరిగాక "భయపడకండి, అంతా గోప్యం" అని పోస్టర్ అంటిస్తే సరిపోదు. తెలిసిన మనిషి నోటి వెంట రావాలి ఆ మాట. అమెరికా ఇది ఆలస్యంగా తెలుసుకుంది. పోస్టులో పంపిన ఫారాలు నింపి తిరిగి పంపినవాళ్లు 1970లో 78 శాతం, 1990 నాటికి 65కి పడిపోయారు. 2000 లెక్కకు ముందు చర్చిలను, బడులను, స్థానిక సంఘాలను కలుపుకుని ఊరూరా కమిటీలు వేశారు, ప్రకటనలకూ ఖర్చుపెట్టారు. పడిపోవడం ఆగి 67 శాతం వచ్చింది. రెండు శాతమేనా అనిపించవచ్చు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఇంకా తగ్గుతుందనే అధికారులు అంచనా వేసుకున్నారు.

దీనికి ఉల్టాగా న్యూజిలాండ్ 2018లో ఆన్‌లైన్ మీద భారం వేసి, గడపల దగ్గరకు వెళ్లే మనుషులను తగ్గించింది. మొత్తం స్పందన 83 శాతానికి, అక్కడి ఆదివాసీలైన మావోరీల్లో 68 శాతానికి పడిపోయింది. దేశ ప్రధాన గణాంక అధికారి రాజీనామా చేయాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా 2022 లెక్కలో నూటికి 31 మంది తప్పిపోయారు. తర్వాత సర్వేతో అంకె సరిచేసినా, చిన్న ఊళ్ల స్థాయికి వచ్చేసరికి అలాంటి సవరణ మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

సిద్ధం చేయడమంటే ఏమిటో నాకు బ్రెజిల్‌లో బాగా కనబడింది. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ల వారసులు అక్కడ కిలోంబోలా సమూహాలుగా జీవిస్తున్నారు. 1872లో బ్రెజిల్ తొలి జనగణన వీళ్ల పూర్వీకుల్లో చాలామందిని బానిసలుగా రాసుకుంది. ఆ తర్వాత 150 ఏళ్ల వరకు ఏ ఫారంలోనూ ఈ సమూహం పేరు లేదు. 2022 లెక్కకు చాలా ముందే గణాంక సంస్థ కిలోంబోలా సంఘాలతో కూర్చుంది. ప్రశ్న ఎలా అడగాలో మాట్లాడుకున్నారు, ఆవాసాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటాలు గీసుకున్నారు. ఆ ఏడాది ఉద్యోగులు వచ్చేసరికి, వాళ్లను ఇంటింటికీ తీసుకెళ్లడానికి ఆ సమూహాల పెద్దలే ముందు నడిచారు. 13 లక్షల 27 వేల మంది తాము కిలోంబోలాలమని రాయించుకున్నారు.