యూనివర్సిటీ జెర్సీకి డబ్బులు కట్టక్కర్లేదు: ఉస్మానియా ఆటల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మిర్యాలగూడ వైపు నుంచి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది. అబ్బాయి డిగ్రీ మూడో ఏడాది, మా కాలేజీయే, కానీ మూడేళ్లలో నా గది గడప తొక్కడం అదే మొదటిసారి. ఆమె చేతిలో బట్టల షాపు కవర్, అందులో ఒక ఫైలు. ఫైలు విప్పితే పదకొండు సర్టిఫికెట్లు, అన్నీ లామినేషన్ చేయించినవే. చుట్టూ బంగారు రంగు అంచు, పైన అశోక స్తంభం లాంటి బొమ్మ, మూలన మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్, మధ్యలో పెద్ద అక్షరాల్లో 'నేషనల్ కబడ్డీ ఛాంపియన్‌షిప్'. గోవాలో ఆడింది ఒకటి, నేపాల్‌లో ఆడిన 'ఇంటర్నేషనల్' ఇంకొకటి. కానిస్టేబుల్ ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో పెట్టుకుంటాడట, నేను ఒక సంతకం పెడితే చాలని ఎవరో చెప్పారట.

ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పదకొండులో పనికొచ్చేది ఒక్కటి కూడా లేదు.

"గిన్ని మెడల్స్ ఉన్నయి గద సార్, ఒక్కటన్న పనికి రాదా?" అని అడిగిందామె. ప్రతి టోర్నీకీ ఎంట్రీ ఫీజు, ప్రయాణం, బస అంటూ ఒక అకాడమీ వాళ్లు కట్టించుకుంటూ వచ్చారు. నేపాల్ పోవడానికైతే మెడలో గొలుసు కుదువబెట్టిందట. అబ్బాయి తల దించుకుని నేల చూస్తున్నాడు. వాడి తప్పేమీ లేదు, నిజంగానే ఆడాడు, చేతికి దెబ్బ తగిలిన మచ్చ కూడా చూపించాడు.

ఉస్మానియా పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేయబట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. ఇలాంటి ఫైలు ఏడాదికి రెండు మూడైనా నా బల్ల మీదికి వస్తాయి. వచ్చేసరికి పిల్లలు ఫైనలియర్‌లో ఉంటారు, డబ్బు అయిపోయి ఉంటుంది. అందుకే ఫస్టియర్ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ చదువుతారని ఇది రాస్తున్నా.

అపోహ: 'నేషనల్' అని రాసి ఉంటే స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుంది, కాలేజీ ఆటలకు విలువ లేదు

ఇదే అన్నిటికన్నా ఎక్కువ కొంప ముంచుతున్న మాట. ఇందులో రెండు అబద్ధాలున్నాయి, రెండోది మొదటిదానికన్నా ప్రమాదం.

సర్టిఫికెట్ మీద ఏ పేరు రాశారు, ఎంత దూరం పోయి ఆడావు, మెడల్ ఎంత బరువుంది అనేవి ఎవరూ చూడరు. చూసేది రెండే: నిన్ను ఎవరు పంపారు, ఆ పోటీని ఎవరు నడిపారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల్ని తీసుకోవడానికి 1980 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది, ఇప్పటికీ పునాది అదే. దాని ప్రకారం ఫారాలు ఉంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం-1, దాని మీద జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం-2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం-3, యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే డైరెక్టరో డీనో సంతకం చేస్తారు. స్కూల్ నేషనల్స్ ఆడితే ఫారం-4, విద్యాశాఖలో స్కూలు ఆటలు చూసే అధికారి సంతకం. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో కనిపించే 2 శాతం స్పోర్ట్స్ రిజర్వేషన్‌కు కూడా ఇలాంటి ఫారాలే అడుగుతారు.

ఆ అబ్బాయి దగ్గర పదకొండు సర్టిఫికెట్లున్నాయి గానీ, ఈ ఫారాల్లో ఒక్కదాని మీదైనా సంతకం పెట్టగలిగే మనిషి లేడు. ఫారం-1, ఫారం-2 ఇచ్చేవాళ్లకు కేంద్ర క్రీడాశాఖ గుర్తింపు ఉన్న సమాఖ్యతో సంబంధం ఉండాలి. ఒక సొసైటీ రిజిస్టర్ చేసుకుని పేరులో 'ఇండియా', 'ఫెడరేషన్' అని తగిలించుకున్నంత మాత్రాన ఆ గుర్తింపు రాదు. రిజిస్ట్రేషన్ నంబర్ చూపించి "మాది గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అంటారు. ఊళ్లో యువజన సంఘానికి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది, అది వేరు, ఇది వేరు. గుర్తింపు ఉన్న సమాఖ్యల జాబితా క్రీడాశాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఫోన్‌లో ఐదు నిమిషాల పని. ఆ జాబితా మారుతుంటుంది కూడా, కాబట్టి ఆడబోయే ఏడాదిది చూసుకోవాలి.

డబ్బు కట్టే ముందు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పోటీ ఆడితే మావాడికి ఏ ఫారం వస్తుంది, దాని మీద ఎవరు సంతకం పెడతారు?" జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

ఇక రెండో అబద్ధం. ఆ అబ్బాయి చేరాక పోయిన రెండేళ్లూ మా దగ్గర ఇంటర్ కాలేజ్ టోర్నీలో (ఐసీటీ) కబడ్డీ జరిగింది. నోటీసు బోర్డు మీద పెట్టాం, క్లాసులకు సర్క్యులర్ పంపాం. వాడు రాలేదు. ఎందుకు రాలేదురా అంటే, "కాలేజ్ గేమ్స్‌కి వాల్యూ లేదు, టైమ్ వేస్ట్ అని మా కోచ్ చెప్పిండు సార్" అన్నాడు. నాకు కోపం రాలేదు, కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ఫారం-3కు దారి మొదలయ్యేదే అక్కడ. కాలేజీ జట్టులో ఐసీటీ ఆడతావు, అక్కడ కంటపడితే యూనివర్సిటీ సెలక్షన్స్‌కు పిలుస్తారు, ఎంపికైతే కోచింగ్ క్యాంపు, తర్వాత సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ. జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు ఆలిండియాకు పోతాయి. అథ్లెటిక్స్ అయితే జోన్ లేకుండా నేరుగా ఆలిండియా. ఈ పోటీలన్నీ ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) కింద జరుగుతాయి, అంటే 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైన సంస్థ. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే ప్రయాణం, భత్యం యూనివర్సిటీ చూసుకుంటుంది. నువ్వు ఎవరికీ కట్టక్కర్లేదు.

ఒక జాగ్రత్త: ఫారం-3 ఉంటే అర్హత వస్తుంది, ఉద్యోగం వచ్చేసినట్టు కాదు. కొన్ని పోస్టులకు పాల్గొంటే సరిపోతుంది, రైల్వే లాంటి చోట చాలా పోస్టులకు ఇంటర్ యూనివర్సిటీలో స్థానం కూడా అడుగుతారు. ఏ నోటిఫికేషన్‌కు పెట్టుకుంటున్నారో దాన్నే చదవండి, వాట్సాప్‌లో వచ్చిన సారాంశం కాదు. ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించకండి. వెరిఫికేషన్‌లో ముద్ర, సిరా సంతకం పట్టి చూస్తారు, ప్లాస్టిక్ కింద ఉంటే అనవసరంగా అనుమానిస్తారు.

అపోహ: ఉస్మానియా జట్టు అంటే క్యాంపస్ హాస్టల్ పిల్లలదే

కాదు. అనుబంధ కాలేజీలో రెగ్యులర్‌గా చదివే ఎవరైనా ఉస్మానియా విద్యార్థే. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు అంతస్తుల ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయి కూడా ఆ జెర్సీ వేసుకోవచ్చు. మీ కాలేజీకి గ్రౌండ్ లేకపోయినా పేరు పంపొచ్చు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడిగి ఎంట్రీ పంపించుకోండి, సిగ్గుపడకండి. అయితే దూరవిద్య వాళ్లకు ఇంటర్ యూనివర్సిటీ ఆడే అర్హత లేదు, వయసు పరిమితి కూడా ఉంటుంది. ఉద్యోగం చూసుకుంటూ దూరవిద్యలో చేరదామనుకునే ఆటగాళ్లు ఈ ఒక్క విషయం ముందే ఆలోచించుకోవాలి.

అపోహ: పైనుంచి చెప్పించకపోతే సెలక్షన్ రాదు

పరుగులోనూ దూకడంలోనూ వాచీ, టేపు చెప్పిందే లెక్క. టీమ్ గేమ్స్‌లో మనుషులు చూసి ఎంచుతారు కాబట్టి పొరపాట్లు జరగవని నేననను. కానీ ఎవరూ చెప్పకుండా, ఎవరూ తెలియకుండా వచ్చి ఎంపికైన పిల్లల్ని ఈ కళ్లతో చూశాను. ఒకమ్మాయి వరంగల్ హైవే మీద తెల్లవారుజామున పరుగెత్తి ప్రాక్టీస్ చేసేది, స్పైక్స్ లేవు, సెలక్షన్‌కు కాన్వాస్ షూస్‌తో వచ్చింది. 1500 మీటర్లలో చివరి రౌండ్ గంట కొట్టేసరికి ఐదో స్థానంలో ఉన్న పిల్ల రెండో స్థానంలో ముగించింది. గీత దాటాక ఎవరూ పట్టుకోకముందే గడ్డి మీద పడుకుని, "సార్, పేరు రాసుకున్నరా?" అని అడిగింది. రాసుకున్నారు.

ఆడిన రోజులకు హాజరు పోతుందని, పరీక్షలు పోతాయని భయపడేవాళ్లకు: ఆటకు పోతున్నానని చూపే ఆన్ డ్యూటీ కాగితం వెళ్లేముందే కాలేజీలో ఇవ్వండి, వచ్చాక కాదు. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: క్యాంపస్ అంటే గొడవలు, ఆడపిల్లను పంపలేం

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1969 తెలంగాణ ఉద్యమం, మళ్లీ 2009 డిసెంబరు ఉద్యమ రోజులు టీవీల్లోనో పెద్దల మాటల్లోనో చూసి, విని పెరిగిన ఇళ్లు మనవి. ఆ చరిత్ర ఈ క్యాంపస్‌కు గర్వకారణమే. కానీ తెల్లవారి ఆరింటికి వచ్చి చూస్తే కనిపించే క్యాంపస్ వేరు. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు నడిచేవాళ్లు, గ్రౌండ్లలో బంతుల చప్పుడు, 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన వెలోడ్రోమ్, ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు రాయి మీద పడుతున్న ఎండ. (ఆ భవనం 1918లో యూనివర్సిటీతోపాటే వచ్చిందని చాలామంది అనుకుంటారు. మొదటి క్లాసులు ఆబిడ్స్ వైపు భవనాల్లో జరిగాయి, ఇది తెరిచింది 1939లో.) జట్టు బయల్దేరే ముందు ఆ మెట్ల మీద ఫొటో దిగకుండా మా పిల్లలు కదలరు.

ఒక తండ్రి కూతురి హ్యాండ్‌బాల్ సెలక్షన్‌కు వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్రౌండ్ అంచున వేపచెట్టు కింద నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. రెండో రోజు వచ్చి కూర్చున్నాడు. మూడో రోజు ఆ పిల్ల స్నేహితురాళ్లతో తానే వచ్చింది. మీకు భయంగా ఉంటే మీరూ రండి, ఎవరూ కాదనరు.

ఆటలాడితే చదువు పోతుందనే పెద్దలకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ గురించి చెబుతుంటాను. ఉస్మానియాలో చదివారు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఆయనే.

మిర్యాలగూడ అబ్బాయి సంగతి ఇంకా తేలలేదు. డిగ్రీ అయ్యాక పీఈసెట్ (వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష) రాసి బీపీఈడీలో (వ్యాయామ విద్య డిగ్రీ) చేరినా, పీజీలో చేరినా రెగ్యులర్ విద్యార్థే అవుతాడు, వయసు ఉంది కాబట్టి ఇంకా ఆడొచ్చు. ఈలోగా ఈ ఏడాది ఐసీటీ కబడ్డీకి కాలేజీ జట్టులో పేరు రాయించాను. రెయిడింగ్ బాగుంది, మోకాలు వంచి లోపలికి దిగే తీరు చూస్తే ఎవరో మంచి గురువే నేర్పారనిపించింది. రోజూ సాయంత్రం నాలుగున్నరకు వస్తున్నాడు.

సెలక్షన్‌కు వచ్చేవాళ్లు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కాలేజీ బోనఫైడ్, ఐడీ కార్డు, ఫొటోలు తెచ్చుకోండి. ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్స్‌లు. సికింద్రాబాద్ నుంచి తార్నాక బస్సెక్కినా, రైల్లో ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగినా క్యాంపస్ దగ్గరే. చెప్పిన టైమ్‌కు అరగంట ముందే వచ్చి వార్మప్ చేసుకోండి, నీళ్ల సీసా మరిచిపోకండి.