కాలవ నీళ్ళకో సబ్బు, బోరు నీళ్ళకో సబ్బు

రుతువుకో సబ్బు అనగానే చాలామంది రంగులూ వాసనలూ వెతుకుతారు. వేసవికి మల్లె, వానలకి వేప, సంక్రాంతికి బంతి. ముక్క చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే గోదావరి డెల్టాలో సబ్బు మీద రుతువు అసలు పట్టు నీళ్ళలోనూ, గాలిలోని తేమలోనూ ఉంది. ఆ రెండింటినీ పట్టించుకోకుండా ఎంత మంచి పరిమళం కలిపినా ఆ సబ్బు ఏదో ఒక నెలలో మొరాయిస్తుంది.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. చెరువులు అడుగంటుతాయి, స్నానానికి బోరు నీళ్ళే గతి. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం లాంటి సముద్రపు వార మండలాల్లో ఆ నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నెల కిందటిదాకా కాలవ నీళ్ళకి గుప్పున నురగ వచ్చిన సబ్బే ఇప్పుడు ఎంత రుద్దినా తేలిపోతుంది. బకెట్టు అంచున తెల్లటి జిడ్డు పేరుకుంటుంది.

ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, నీటి కఠినత్వం. నీటిలో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం సబ్బు అణువుల్ని పట్టుకుంటాయి. ఒక్కో కాల్షియం అయాను రెండు సబ్బు అణువుల్ని కట్టేసి నీళ్ళలో కరగని తెల్ల మడ్డిగా మారుస్తుంది. ఆ కాల్షియమంతా తీరాకగానీ నురగ మొదలవదు. రెండోది ఉప్పు. నీటిలో సోడియం ఎక్కువైతే సబ్బు కరగడమే తగ్గిపోతుంది. పెద్ద సబ్బు బట్టీల్లో, నూనె సబ్బుగా మారేటప్పుడు దాంతోపాటే పుట్టే గ్లిజరిన్ నుంచి సబ్బును విడదీయడానికి ఉప్పు వేసేది ఇందుకే. ఉప్పు పడగానే సబ్బు విరిగి పైకి తేలుతుంది. బోరు నీళ్ళతో స్నానం చేసేటప్పుడు అదే పని, కొంచెం తక్కువ స్థాయిలో, ఒంటి మీద జరుగుతుంది.

ఉప్పు సమస్యకి విరుగుడు కోనసీమ తోటల్లోనే ఉంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. దాని అణువులో గొలుసులా వరసగా ఉండే కార్బన్లు 12 మాత్రమే. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లానికి 16, పప్పునూనెలోని, అంటే నువ్వుల నూనెలోని, ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలకి 18. గొలుసు పొట్టిదైన కొద్దీ ఆ సబ్బు నీళ్ళలో బాగా కరుగుతుంది, ఉప్పుకి తట్టుకుంటుంది. ఓడల్లో సముద్రపు నీటితో స్నానం చేసే నావికులకి కొబ్బరినూనె సబ్బే ఇచ్చేవారు.

వేసవికి కావలసినది ఇదే. కొలత ఇలా ఉంటుంది. కొబ్బరినూనె 1000 గ్రాములు. గ్రాము నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ సోడా (ఇక్కడ సోడా అన్నచోటల్లా ఇదే, వంటసోడా కాదు) కావాలి, అంటే మొత్తం 183 గ్రాములు. అంతా వేస్తే చర్మం పీక్కుపోయేంత ఘాటు సబ్బు వస్తుంది. కాబట్టి 20 శాతం తగ్గించి 146 గ్రాములు వేయాలి. మిగిలిపోయిన నూనె చర్మానికి మెత్తదనం ఇస్తుంది. నీళ్ళు 300 గ్రాములు. ఈ సబ్బు గబగబా వేడెక్కి గట్టిపడుతుంది. మామూలు సబ్బులా మర్నాటిదాకా ఆగితే కత్తి కింద ముక్కలు ముక్కలుగా విరిగిపోతుంది. పోసిన నాలుగు గంటల నుంచి చూస్తూ ఉండి, ఇంకా కాస్త గోరువెచ్చగా ఉండగానే కోసేయాలి. విడివిడి అచ్చుల్లో పోసుకుంటే ఆ తొందరే ఉండదు.

కఠినత్వానికి కొబ్బరి మందు కాదు. దానికి సిట్రిక్ ఆమ్లం, అంటే కిరాణా కొట్టులో దొరికే నిమ్మఉప్పు, 10 గ్రాములు ముందుగా నీళ్ళలో కరిగించి, ఆ తరవాత సోడా వేయాలి. రెండూ కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది, అది కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. అయితే ఆ ఆమ్లం 6 గ్రాముల సోడాని తినేస్తుంది, కాబట్టి సోడా 152కి పెంచాలి. ఈ 6 గ్రాములు మరిచిపోతే సబ్బు జిడ్డుగా వస్తుంది.

సబ్బు ఆరడానికి ఆరు వారాలు కావాలి. కాలవలు కట్టే నాటికి చేతిలో ఉండాలంటే సంక్రాంతి వెళ్ళిన వారంలో అచ్చు పోసేయాలి. డెల్టాలో సబ్బు చేయడానికి అన్నిటికన్నా అనువైన రోజులు కూడా కార్తీకం నుంచి మాఘం దాకానే. వానలు వెనకబడతాయి, ఎండ మరీ ముదరదు.

సోడాతో జాగ్రత్త గురించి నాన్చకుండా చెప్పాలి. ఎప్పుడూ నీళ్ళలో సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కలుపుతుంటేనే ద్రావణం 80 డిగ్రీలు దాటుతుంది, ఘాటు ఆవిరి వస్తుంది. ఆరుబయట, ఆవిరి మొహం మీదికి రాని వైపు నిలబడి కలపాలి. పాత్ర స్టీలుదో, వేడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. కళ్ళకి రక్షణ అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చల్లారిన ద్రావణం చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది కనక తాగే చెంబులో, గ్లాసులో అస్సలు పెట్టకూడదు. ఒంటి మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా పారే నీటి కింద కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఏడాది పొడుగునా వాడుకునే మిశ్రమం ఒకటి పెట్టుకుంటే రుతువుని బట్టి దాన్నే అటూ ఇటూ జరుపుకోవచ్చు. కొబ్బరినూనె 350, పామాయిల్ 400, పప్పునూనె 200, ఆముదం 50 గ్రాములు. సోడా 146, నీళ్ళు 290. ఇందులో 5 శాతం నూనె మిగిలేలా లెక్క కట్టి ఉంది. అన్నీ తూకమే, నీళ్ళు కూడా. గరిటెలూ గ్లాసులూ ఇక్కడ పనికిరావు. నూనెలూ సోడా నీళ్ళూ రెండూ 38, 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలిపి, హ్యాండ్ బ్లెండర్‌ని ఆపుతూ తిప్పుతూ పోవాలి. మిశ్రమాన్ని కాస్త పైకి తీసి జారవిడిస్తే, ఆ ధార గీత క్షణంసేపు చెదరకుండా నిలిస్తే అచ్చులో పోయొచ్చు. మర్నాడు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరబెట్టాలి.

ఇక అసలు పరీక్ష వానాకాలం. చేసే రోజునే మొదటి దెబ్బ తగులుతుంది. విప్పిన సోడా డబ్బా తేమనీ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటుంది. పలుకులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. అలాంటి 146 గ్రాముల్లో నికరమైన సోడా అంతకన్నా తక్కువే, మిగతాది నీరూ, సోడియం కార్బొనేటూ. ఫలితంగా సబ్బు వారమైనా మెత్తగా, వేలికి నూనె అంటేలా ఉంటుంది. కొలత తప్పలేదు, సరుకు తప్పింది. జూన్ నుంచి అక్టోబరు దాకా చిన్న డబ్బాలే కొని, ఒక్కోటి ఒక్కసారికే వాడేసుకోవడం మేలు.

రెండోది చెమ్మ. ఇంట్లో చేసిన సబ్బులో గ్లిజరిన్ అంతా ముక్కలోనే ఉంటుంది. పెద్ద కంపెనీలు చాలావరకు దాన్ని వేరుచేసి అమ్ముకుంటాయి. చర్మానికి మెత్తదనమిచ్చే ఆ గ్లిజరినే శ్రావణ మాసపు గాలిలోంచి తేమ లాగి, సబ్బు మీద ముత్యాల్లాంటి బొట్లు కట్టిస్తుంది. సబ్బు చెడిపోలేదు. గుడ్డతో తుడిచినకొద్దీ పైపొర జిగటగా మారుతుంది, కాబట్టి ముట్టుకోకుండా ఫ్యాను కింద పెట్టడమే సరైన పని. కరిగించి అచ్చు పోసే రెడీమేడ్ సబ్బు దిమ్మల్లో గ్లిజరిన్ అదనంగా వేసి ఉంటుంది. అవి మరీ చెమ్మగిల్లుతాయి. అచ్చులోంచి తీసిన గంటలోపే ప్లాస్టిక్ పొరలో బిగించి చుట్టేయాలి. మామూలు సబ్బుని మాత్రం ఆరకముందే అలా చుడితే లోపలి నీరు లోపలే ఉండిపోతుంది.

వానాకాలంలో నీళ్ళు 290 నుంచి 250 గ్రాములకి తగ్గించాలి. ఆరాల్సిన నీరు మొదటే తక్కువ పోసుకున్నట్టు. మిశ్రమం త్వరగా చిక్కబడుతుంది కాబట్టి అచ్చులు ముందే సిద్ధం చేసుకోవాలి. ఆరిందో లేదో తెలియడానికి ఒకే ముక్కని వారానికోసారి తూచి రాసుకోవడం మంచి పద్ధతి. అయితే ముసురు రోజుల్లో బరువు నిలిచిపోయిందంటే ఆరిపోయిందని కాదు, గాలి ఇంక తేమ తీసుకోవట్లేదని. నాలుగు ఎండలు కాశాక మళ్ళీ తూచితే తేడా కనిపిస్తుంది.

మూడోది నారింజ మచ్చలు. రెండు మూడు నెలల తరవాత ముక్క మీద ముదురు పసుపు చుక్కలు లేచి, పాతనూనె కంపు కొడతాయి. మిగిలి ఉన్న నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముక్కిపోవడమే ఇది. ఇనుము, రాగి తగిలితే అది ఇంకా వేగంగా జరుగుతుంది. తుప్పు పట్టిన అలమారు మీద ఆరబెట్టిన సబ్బుకి సరిగ్గా ఊచ ఆనినచోటే మచ్చ వస్తుంది. బోరు నీటిలో ఉండే ఇనుము కూడా అంతే. అందుకే సబ్బు చేయడానికి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్ళే వాడాలి, ఆరబెట్టడానికి వెదురు తట్టలు వాడాలి. నూనె కూడా తాజాది కావాలి. వానల్లో సరిగ్గా ఎండక బూజు పట్టిన కొబ్బరితో ఆడిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి సోడాతో క్షణాల్లో కలిసిపోతాయి, అచ్చులో పోసేలోపే మిశ్రమం ముద్దగా బిగుసుకుంటుంది. కమ్మటి వాసన లేని నూనెని గానుగ దగ్గరే వద్దనడం మంచిది.

రోహిణి కార్తెలో బాధ దీనికి తలకిందులు. సోడా నీళ్ళు చల్లారవు, అచ్చులో సబ్బు మధ్యలో ఉడికి పైకి పొంగి పగులుతుంది. పోయాల్సిన నీటిలో సగం తూకం ఐసు ముక్కలుగా వేస్తే సరిపోతుంది. అచ్చు మీద దుప్పటి కప్పకుండా ఫ్యాను కింద పెట్టాలి. నీళ్ళకి బదులు కొబ్బరినీళ్ళు వాడితే నురగ బాగుంటుంది, కానీ అందులోని చక్కెరలు సోడా తగలగానే మాడి ముదురు రంగుకి తిరుగుతాయి. పూర్తిగా గడ్డ కట్టించి, ఆ గడ్డల మీద సోడాని కొంచెం కొంచెంగా చల్లుతూ కరిగించాలి.

ధనుర్మాసంలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకుంటుంది. అది 24, 25 డిగ్రీల దగ్గర కరిగే నూనె కాబట్టి అది అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది పామాయిల్ సంగతి. ప్యాకెట్ అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, గట్టిసబ్బు ఇచ్చే భాగం అదే. పైతేట ఒంపుకుని తూచితే సబ్బు మెత్తబడుతుంది. ప్యాకెట్‌ని వేడినీళ్ళలో ఉంచి, మొత్తం తేటపడ్డాక కుదిపి, అప్పుడు తూచాలి. నూనెలు చల్లగా ఉండగా బ్లెండర్ పెడితే ఇంకో మోసం జరుగుతుంది. మిశ్రమం చిక్కబడ్డట్టు కనిపిస్తుంది గానీ అది నూనె గడ్డకట్టడమే, సబ్బు కావడం కాదు. అచ్చులో పోశాక మళ్ళీ విడిపోయి అడుగున సోడా నీరు నిలుస్తుంది. ఆ నీరు చేతికి తగిలితే కాలుతుంది.

చలికి పొడిబారే చర్మానికి కొబ్బరి తగ్గించాలి. కొబ్బరి 200, పామాయిల్ 400, పప్పునూనె 350, ఆముదం 50, సోడా 139 గ్రాములు. వాసనకి లవంగనూనె వేస్తే మూడు గ్రాములు దాటనివ్వకూడదు. అందులోని యూజెనాల్ చర్మాన్ని మండిస్తుంది, మిశ్రమాన్ని కూడా అప్పటికప్పుడు బిగించేస్తుంది.

కడియపులంక పూల మార్కెట్ చేతికందే దూరంలో ఉంటే ఎవరికైనా పూలు వేయాలనే అనిపిస్తుంది. సబ్బు క్షార గుణం ముందు చాలా పూలు నిలవవు. మందార ఎరుపు గోధుమరంగులోకి వాడిపోతుంది, గులాబీ రేకులు నల్లబడతాయి. పసుపు వేస్తే ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదే ఇది. నిలిచేది బంతి. దాని రంగునిచ్చే కెరోటినాయిడ్లు నూనెలో కరుగుతాయి, క్షారానికి చెదరవు. గలగలలాడేలా ఎండిన రేకులు 20 గ్రాములు, 200 గ్రాముల పప్పునూనెలో వేసి, వేడినీటి గిన్నెలో రెండు మూడు గంటలు ఉంచి వడగడితే మంచి పసుపు వస్తుంది. మల్లెలు నూనెలో ఎంత నానబెట్టినా సబ్బులో ఆ వాసన మిగలదు. మల్లె పరిమళంలో ముఖ్యమైన బెంజైల్ అసిటేట్ ఒక ఎస్టర్, సోడా నూనెని విడగొట్టినట్టే దాన్నీ విడగొడుతుంది. వేసవి సబ్బుకి వట్టివేరు నూనె వేసుకోవచ్చు. బరువైన అణువులు కాబట్టి త్వరగా ఎగిరిపోవు, క్షారానికి చలించవు. కిలో నూనెకి 20 గ్రాములు చాలు. ఇలా చేసినవి అమ్మాలనుకుంటే మాత్రం 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి.

భోగి తలంటుకి సబ్బుకన్నా సున్నిపిండే తగినది. ఒంటికి పట్టించిన పప్పునూనెని పిండి పీల్చుకుంటుంది గానీ చర్మపు సొంత జిడ్డు మొత్తాన్నీ ఊడ్చేయదు. నీళ్ళు ఎలాంటివైనా దానికి పట్టదు, కాల్షియంతో పేచీ లేదు. పెసలు 500 గ్రాములు, శనగపప్పు 250, బియ్యం 100, కచోరాలు 50, తుంగముస్తలు 50, ఎండిన నారింజ తొక్క 50. అన్నీ విడివిడిగా ఎండబెట్టి ఆడించి, బియ్యం ఒక్కటి కాస్త బరకగా ఉంచి కలపాలి. బావంచాలు వేయడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది పట్టిన చర్మం మీద ఎండ పడితే ఎర్రగా కంది, నల్లటి మచ్చలు మిగలొచ్చు. పొలానికి, బడికి ఎండన పడి వెళ్ళేవాళ్ళ పిండిలో అవి మానేయడమే మంచిది.

తలకి కుంకుడుకాయ కూడా బోరు నీళ్ళకి జంకదు. దాని నురగ సాపోనిన్లది, వాటికి కాల్షియం అంటుకుని మడ్డి కట్టదు. నురగ తొక్కలోనే ఉంది కాబట్టి గింజలు తీసేసి, పది కాయల తొక్కని అర లీటరు వేడినీళ్ళలో రాత్రంతా నాననిచ్చి, పిసికి వడగట్టాలి. ఆ రసం ఉక్కపోత రోజుల్లో ఒక్క రోజుకే పులుస్తుంది. ఎక్కువ చేసుకుంటే ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి, స్నానానికి ఎన్ని కావాలో అన్ని గడ్డలు ముందుగా తీసి కరిగించుకోవచ్చు.