పాత కార్ల ప్రకటనల సైట్లకు డబ్బు కట్టడం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పాత కార్ల వ్యాపారం చేసేవారిలో ప్రకటనల సైట్లకు డబ్బు కట్టనివారు అరుదు. కట్టి తిట్టుకోనివారు అంతకన్నా అరుదు. తిట్టుకునేవారిలో నేనూ ఒకణ్ణే అయినా, ఆ తిట్లన్నీ న్యాయమైనవి కావని ఒప్పుకోవాలి.

అపోహ: ప్యాకేజీ (ఇన్ని లీడులకు ఇంతని సైటుకు ముందే కట్టే డబ్బు) తీసుకుంటే సైటు కొనేవాళ్లను పంపిస్తుంది.

వాస్తవం: సైటు పంపేది ఫోను నంబరును మాత్రమే. ధర ఎంతో చూద్దామని ఎవరైనా తమ నంబరు నమోదు చేయగానే అది ఒక లీడుగా మన ఖాతాలో లెక్కపడుతుంది. అదే మనిషి మరో ముగ్గురు డీలర్ల కార్లు చూస్తే ఆ ముగ్గురికీ అదే నంబరు వెళ్తుంది. లీడుల కోసం నేను పెట్టుకున్న నోటుపుస్తకంలో చివరి గడి నిండా ‘ఎత్తలేదు’, ‘ఊరికే చూశారట’, ‘విశాఖ అనుకున్నారట’ అన్న మాటలే ఉంటాయి. ఈ మూడో మాటకు కారణం, నేను వాడే సైటు మన జిల్లా కార్లను విశాఖపట్నం జాబితాలో కలిపి చూపించడం. కారు చూడడానికి వంద కిలోమీటర్ల పైన రావాలని తెలియగానే అవతలివారు మర్యాదగా ఫోను పెట్టేస్తారు, లీడు మాత్రం ఖర్చయిపోతుంది. ఇక నా ధర కనుక్కుని తమ బండికి ధర కట్టుకునే బ్రోకర్ల గొంతులు నాకు కంఠతా వచ్చేశాయి.

అపోహ: ఎక్కువ కట్టి పై వరుసలో కనిపిస్తే కారు త్వరగా పోతుంది.

వాస్తవం: ధర కుదరని కారును పై వరుసలో పెట్టడమంటే, మన ధర ఎక్కువని మనమే డబ్బిచ్చి దండోరా వేయించుకోవడం. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారే చవకయ్యాక రెండేళ్లు వాడిన కారుకు పాత ధర ఎవరిస్తారు? నేను మాత్రం ప్రకటనల్లో ధర మార్చకుండా మూడు వారాలు సైటునే నిందించాను.

అపోహ: అమ్ముడైన కార్లు ఇంకా కనిపించడం సైటు చేసే మోసం.

వాస్తవం: వాటిని తీసేయవలసింది డీలరే, కొందరు మరచిపోతారు, కొందరు ఫోన్లు రావాలని కావాలనే ఉంచుతారు. సైటును నిలదీయవలసింది దొంగ ప్రకటనల విషయంలో. నిరుడు పలాస నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నా యార్డులోని కారు బానెట్ మీద చెయ్యి వేసి, “బండి ఇదే కదండీ” అంటూ ఫోను చూపించాడు. ఫొటో నాదే, వెనక గోడా నాదే, ధర మాత్రం సగం. ఆ ప్రకటన పెట్టి, బదిలీ మీద వెళ్తున్న సైనికుణ్ణని చెప్పినవాడికి ఆ కుర్రవాడు అప్పటికే అడ్వాన్సు పంపించేశాడు. సైటుకు ఫిర్యాదు చేస్తే, అది అందిందన్న సందేశం తప్ప మరేమీ రాలేదు.

అపోహ: కాగితాల పూచీ సైటుదే.

వాస్తవం: సైటు పని ప్రకటనతో సరి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30లు, ఫైనాన్సు తీరినట్టు ఫారం 35 మనమే చూసుకోవాలి. ఇచ్ఛాపురం అవతల బరంపురం నుంచి ఫోను చేసేవారికి ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలనీ, ఒడిశాలో రోడ్డు పన్ను కట్టుకోవాలనీ వివరించేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు. అదీ లీడే.

అపోహ: ప్రకటన ఖర్చు తీసేశాకే జీఎస్టీ.

వాస్తవం: కాదు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో సర్దుకోవడం) తీసుకోని పాత కారుకు అమ్మిన ధర, కొన్న ధరల తేడా మీద 18 శాతం కట్టాలి. ఆ తేడాలోంచి ప్రకటన ఖర్చును మినహాయించరు.

అపోహ: ఇన్ని బాధలున్నప్పుడు సైటు మానేయడమే మేలు.

వాస్తవం: టెక్కలిలోనో సోంపేటలోనో ఉన్నవారు నా యార్డు ముందు నుంచి రోజూ వెళ్లరు, వారికి నా కార్లు కనిపించేది ఫోనులోనే. అందుకే ఒక్క సైటులో, అన్నిటికన్నా చిన్న ప్యాకేజీ ఉంచుకున్నాను. ఆటోమేటిక్‌గా పొడిగించే ఏర్పాటును ఆపేసి, గడువు తేదీని ఆ నోటుపుస్తకం అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.