టోపీ మీద ‘ఐ’ ఉందా లేదా? ఈస్ట్ ఇండీస్ స్టేషన్: అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం పొద్దున్నే మళ్లీ అదే ఫోన్. ఈసారి అనకాపల్లి దగ్గర ఒక ఊరి కుర్రాడు. "అన్నా, మా తాత బ్రిటిష్ నేవీలో చేశాడు, ఈస్ట్ ఇండీస్ స్టేషన్‌లో. లండన్ నుంచి పెన్షన్ బకాయి రావాలంట, ఆ ఫైలు తీయించాలి" అన్నాడు. ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందట. ఆ మెసేజ్ పట్టుకుని ఒక ఏజెంటు దగ్గరికి వెళ్తే, "కేసు చాలా స్ట్రాంగ్‌గా ఉంది" అని 40 వేలు తీసుకున్నాడట. ఏడాది దాటింది. ఇప్పుడు ఆ నంబరు స్విచ్చాఫ్.

నేను లండన్ శివారు క్యూ (Kew) అనే ఊళ్లో, నేషనల్ ఆర్కైవ్స్ ఉండే చోట, పాత నౌకాదళ రికార్డులు వెతికిపెట్టే పని చేస్తాను. రీడింగ్ రూములోకి పెన్ను తేనివ్వరు, పెన్సిల్ ఒక్కటే. ఆ పెన్సిల్ ముక్కతో ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సులో మనవాళ్ల కేసులు తిరగేస్తే, సగానికి పైగా ఈ ఒక్క పొరపాటు దగ్గరే ఆగిపోయాయి. అందుకే దీన్ని తీరిగ్గా చెబుతాను. మిగతావి గబగబా.

అపోహ: తాత ఓడ మీద బ్రిటిష్ జెండా ఉంది, పై అధికారి తెల్లవాడు, కాబట్టి ఆయన బ్రిటిష్ నేవీ మనిషి.

వాస్తవం: అప్పట్లో ఈ సముద్రంలో రెండు నేవీలు ఉండేవి. ఒకటి రాయల్ నేవీ, అంటే అసలు బ్రిటన్ నౌకాదళం. హిందూ మహాసముద్రంలో దాని విభాగం పేరే ఈస్ట్ ఇండీస్ స్టేషన్. దాని కమాండర్-ఇన్-చీఫ్ లండన్‌లోని అడ్మిరల్టీకి, అంటే నేవీని నడిపే శాఖకి, జవాబుదారీ. రెండోది భారత ప్రభుత్వ నౌకాదళం. 1612లో ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్ల ఓడలతో మొదలై, బాంబే మెరీన్ అనీ, ఇండియన్ నేవీ అనీ, 1892 నుంచి రాయల్ ఇండియన్ మెరీన్ అనీ పేర్లు మారుతూ వచ్చి, 1934 అక్టోబర్ 2న రాయల్ ఇండియన్ నేవీ అయింది. యుద్ధకాలంలో మన ఊళ్ల నుంచి చేరినవాళ్లు దాదాపు అందరూ ఈ రెండో దాంట్లోనే చేరారు. 1939లో రెండు వేల మంది కూడా లేని ఆ దళం యుద్ధం ముగిసేసరికి 30 వేలకు దగ్గరగా పెరిగింది.

జనం పొరబడ్డారంటే తప్పు వాళ్లది కాదు. 1928 నుంచి రెండు దళాల ఓడల మీదా ఎగిరింది ఒకే జెండా: తెల్ల గుడ్డ మీద ఎర్ర సిలువ, మూలన యూనియన్ జాక్. యూనిఫారాలూ ఇంచుమించు ఒకటే. ఆఫీసర్లు చాలామంది బ్రిటిష్‌వాళ్లే. పైగా యుద్ధం వచ్చాక మన ఓడలు సముద్రంలో ఎటు వెళ్లాలో చెప్పింది ఈస్ట్ ఇండీస్ కమాండే. కాబట్టి "ఈస్ట్ ఇండీస్ కింద పనిచేశాను" అని తాత చెప్పింది అబద్ధం కాదు. ఎన్నికల డ్యూటీకి వెళ్లిన కానిస్టేబులు ఎన్నికల అధికారి చెప్పినట్టు చేస్తాడు. అంతమాత్రాన జీతం ఎన్నికల సంఘం ఇస్తుందా? సర్వీసు పుస్తకం అక్కడ ఉంటుందా? ఇదీ అంతే.

తేడా కనిపెట్టడానికి లండన్ రానక్కర్లేదు, ట్రంకు పెట్టె తెరిస్తే చాలు. నావికుడి టోపీ చుట్టూ నల్ల పట్టు రిబ్బను ఉంటుంది. యుద్ధంలో శత్రువుకి తెలియకూడదని దాని మీద ఓడ పేరు వేసేవారు కాదు, ముందు అక్షరాలే ఉండేవి. రాయల్ నేవీ అయితే హెచ్.ఎం.ఎస్., మనదైతే హెచ్.ఎం.ఐ.ఎస్. మధ్యలో ఆ ‘ఐ’ అంటే ఇండియన్.

ఆ కుర్రాడి ఇంట్లో టోపీ లేదు. "మెడల్స్ ఏమన్నా ఉన్నాయా?" అంటే ఫొటో పంపాడు. వెండి రంగు బిళ్ల, ముదురు నీలం మీద లేత నీలం చారల రిబ్బను. ఒకవైపు ఆరో జార్జి తల. "తిప్పి తియ్యి" అన్నాను. వెనక భారతదేశం పటం, కింద 1939-45. అది ఇండియా సర్వీస్ మెడల్, భారతీయ దళాలవాళ్లకి మాత్రమే ఇచ్చినది. రాయల్ నేవీ నావికుడికి అది రాదు. "అంచు మీద కాస్త చింతపండు రుద్ది, కడిగి చూడు" అనబోయి ఆగిపోయాను. రుద్దితే అక్షరాలు అరుగుతాయి. మెత్తటి గుడ్డతో తుడవమన్నాను. నంబరు, తాత పేరు, చివర ఆర్.ఐ.ఎన్., అంటే రాయల్ ఇండియన్ నేవీ. రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ మీద బ్రిటన్ తన సైనికుల పేర్లు చెక్కించలేదు. భారత ప్రభుత్వం చెక్కించింది. అంటే అంచు మీద పేరు ఉండటమే ఒక సాక్ష్యం. 40 వేలు పోసి ఏడాది ఎదురుచూసిన ప్రశ్నకి జవాబు వాళ్లింటి బీరువాలోనే ఉంది.

మరి డబ్బు సంగతి? రాయల్ ఇండియన్ నేవీ సర్వీసు, పెన్షన్ అంతా భారత ప్రభుత్వ వ్యవహారం. లండన్‌లో ఆ ఫైలు లేదు, బకాయీ లేదు. నావికుల రికార్డులు చూసేది ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. నంబరు తెలిస్తే ముందు అక్కడికి ఉత్తరం రాయండి. యుద్ధం కోసమే చేరి 1946 ప్రాంతంలో ఇంటికి వచ్చేసిన వాళ్లకి మామూలుగా సర్వీసు పెన్షన్ ఉండదు. కానీ అలా పెన్షన్ లేకుండా మిగిలిన రెండో ప్రపంచ యుద్ధం సైనికులకీ, వాళ్ల భార్యలకీ మన రాష్ట్రాల్లో నెలనెలా ఇచ్చే సాయం ఒకటుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి, ఏజెంటు అక్కర్లేదు. అది మనవళ్లకి రాదు, ఆ మామ్మ బతికుంటే ఆవిడకి వస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ ఫోన్లో "బాబూ, లండన్ డబ్బు కాదు గానీ, ఆయన పేరు ఎక్కడో ఒకచోట రాసుంటే చాలు, నీకు పుణ్యముంటాది" అంది. ఇలాంటి వాళ్ల దగ్గర కూడా వసూలు చేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

ఇంకో చిన్న చిక్కు. ఓడ పేరు కొట్టి నెట్‌లో వెతుకుతారు. యుద్ధకాలపు మన స్లూప్ ఓడల్లో (చిన్న యుద్ధనౌకలు) గోదావరి, కృష్ణా రెండూ ఉన్నాయి (ఇంగ్లిష్‌లో ‘కిస్ట్నా’ అని రాసేవారు). ఆ గోదావరి విభజనలో పాకిస్తాన్‌కి వెళ్లి ‘సింధ్’ అయింది. ఇప్పుడు నెట్‌లో ముందు కనబడేది 1983లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ గోదావరి. ఒక తాతగారి సంవత్సరీకానికి వేసిన ఫ్లెక్సీలో ఆ 1983 ఓడే ఉంది. నేనేమీ అనలేదు. ఇంటినిండా చుట్టాలు.

ఇక జనం అడిగే, అనే మిగతా అపోహలు.

"ఆ స్టేషన్ ఏ ఊళ్లో ఉండేది? బిల్డింగ్ ఇంకా ఉందా?" మనకి స్టేషన్ అంటే రైల్వే స్టేషన్, లేదంటే పోలీస్ స్టేషన్. నేవీ భాషలో స్టేషన్ అంటే ఒక అడ్మిరల్ చేతికి అప్పగించిన సముద్రం. దానికి గోడలుండవు, హద్దులుంటాయి, అవీ మారుతుంటాయి. 1744లో కమోడోర్ బార్నెట్ ఓడలతో మొదలైన ఈ కమాండ్, ఒక దశలో చైనా దాకా పాకి ‘ఈస్ట్ ఇండీస్ అండ్ చైనా’ అయింది. 1859లో ఆస్ట్రేలియా విడిపోయింది, 1865లో చైనా విడిపోయింది. అడ్మిరల్ జెండా ఏ ఓడ మీద ఎగిరితే అదే హెడ్ ఆఫీసు.

రేవుల సంగతి వేరు. మొదట్లో మద్రాసు ముఖ్యం, కానీ అక్కడ హార్బర్ లేదు. ఓడలు బయటే లంగరు వేసి నిలబడాలి. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనం దిగిందంటే కోరమాండల్ తీరం ఖాళీ చేసి బొంబాయి పోవాల్సిందే. అది మన తీరం తుఫాన్ల కాలం, దివిసీమవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏ కాలంలోనైనా ఓడ దాక్కోగల సహజమైన రేవు ఈ పక్కన సిలోన్ (శ్రీలంక)లోని త్రిన్కోమలీ. అందుకే దాని కోసం అంత కొట్లాట. 1782 జనవరిలో అడ్మిరల్ హ్యూస్ డచ్చివాళ్ల దగ్గర లాక్కున్నాడు, ఆగస్టులో ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్ ఎగరేసుకుపోయాడు, 1795లో మళ్లీ బ్రిటిష్‌వాళ్లు పట్టారు. ఆ తర్వాత వదల్లేదు.

"వైస్రాయ్ కింద ఉండేది కదా?" లేదు. గవర్నర్ జనరల్ అడగగలడు, బతిమాలగలడు, ఆర్డరు వెయ్యలేడు. విచిత్రమేమిటంటే ఈ నేవీ రక్షణ కోసమని భారత ఖజానా ఏటా లక్ష పౌండ్లు బ్రిటన్‌కి కట్టేది. 1938 ఏర్పాటుతోగానీ అది ఆగలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

లండన్ పెత్తనం ఎలా ఉండేదో చూడాలంటే నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1805లో కమాండర్-ఇన్-చీఫ్ ఎడ్వర్డ్ పెల్యూ. లండన్‌లో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లు వచ్చి స్టేషన్‌ని రెండు ముక్కలు చేసి తూర్పు సగం థామస్ ట్రౌబ్రిడ్జికి ఇచ్చారు. ఆయన నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చి కాగితం చూపిస్తే, పెల్యూ నేను ఒప్పుకోనన్నాడు. ఇద్దరూ లండన్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు. చివరికి అడ్మిరల్టీ స్టేషన్ అంతా పెల్యూకే ఉంచి, ట్రౌబ్రిడ్జిని దక్షిణాఫ్రికా కేప్‌కి మార్చింది. ఆయన 1807 జనవరిలో బ్లెన్‌హీమ్ అనే ముసలి ఓడలో మద్రాసు నుంచి బయల్దేరాడు. ఆ ఓడ అప్పటికే నేల తగిలి దెబ్బతిని ఉంది. మడగాస్కర్ దగ్గర తుఫానులో కనిపించకుండా పోయింది, మనిషి ఆచూకీ కూడా దొరకలేదు. వెతకడానికి పెల్యూ పంపింది ఎవరిననుకున్నారు? ట్రౌబ్రిడ్జి కొడుకునే. ఆయనా నేవీ కెప్టెనే.

"మన ఈస్టర్న్ నేవల్ కమాండ్ దాని వారసత్వమే." పేర్లలో ‘ఈస్ట్’ కలిసింది, అంతే. ఈస్టర్న్ నేవల్ కమాండ్ 1968లో ఏర్పడింది. విశాఖ ఎప్పుడూ ఈస్ట్ ఇండీస్ హెడ్‌క్వార్టర్ కాదు, పెద్ద ఓడలు లోపలికి వచ్చే హార్బరే 1933లో తెరిచారు. యుద్ధంలో అక్కడ వెలిసిన స్థావరం రాయల్ ఇండియన్ నేవీది, పేరు హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్. మన ఉత్తర సర్కార్ల పేరే! ఇప్పటి ఐఎన్‌ఎస్ సర్కార్స్ అదే. ఇక్కడా చూడండి ఆ ‘ఐ’.

అయితే విశాఖకి ఈస్ట్ ఇండీస్‌తో నిజమైన సంబంధం ఒకటుంది. 1804 సెప్టెంబర్ 15. రేవు బయట లంగరేసి ఉన్న ఆ స్టేషన్ యుద్ధనౌక సెంచూరియన్ మీదికి ఫ్రెంచి అడ్మిరల్ లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చాడు. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు, లెఫ్టినెంటే పోరాటం నడిపాడు. పక్కనే ఉన్న కంపెనీ ఓడల్లో ఒకటి ఒడ్డుకెక్కి పగిలిపోయింది, ఇంకోటి ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం చిల్లులు పడ్డా నిలబడింది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం పల్లీలు తినేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

అదే విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి, కాకినాడ మీదా వేశాయి. "బ్రిటిష్ ఫ్లీట్ అసలు లేదు" అంటారు. ఉంది. అడ్మిరల్ సోమర్‌విల్ దాన్ని మాల్దీవుల్లోని అడ్డు అటోల్ దగ్గర దాచాడు. తర్వాత ఏకంగా మొంబాసా వైపు తీసుకుపోయాడు. ఏప్రిల్ 5న కొలంబో, 9న త్రిన్కోమలీ దెబ్బతిన్నాయి. హెర్మిస్ అనే విమానవాహక నౌక మునిగింది. మా మామ్మ ఆ రోజుల్లో భీమిలి నుంచి ఎడ్లబండి మీద గిన్నెలేసుకుని పోయామని చెప్పేది. ఏ ఫ్లీటు ఎక్కడుందో ఆమెకి అనవసరం.

"1946 తిరుగుబాటు బ్రిటిష్ నేవీలో జరిగింది." రాయల్ ఇండియన్ నేవీలో జరిగింది. దాన్ని అణచడానికి బొంబాయి వచ్చిన గ్లాస్గో అనే క్రూయిజర్ (యుద్ధనౌక) రాయల్ నేవీది, ఈస్ట్ ఇండీస్ ఓడ. రెండు నేవీలూ ఒకటే అనేవాళ్లు ఈ ఒక్క ముక్క ఆలోచించండి.

"ఈస్ట్ ఇండీస్ అంటే ఇండోనేషియా." అది డచ్చివాళ్ల ఈస్ట్ ఇండీస్. "సిలోన్‌కి 1948లో స్వాతంత్ర్యం వచ్చింది, నేవీ అప్పుడే పోయింది." పోలేదు. త్రిన్కోమలీని 1957 అక్టోబర్‌లో అప్పగించారు, స్టేషన్‌ని 1958లో ఎత్తేశారు. "రాయల్ నేవీలో భారతీయులే లేరు." ఈ స్టేషన్ ఓడల్లో గోవా వంటవాళ్లు, స్టీవార్డులు ఉండేవారు. అలాంటి ఇంటివాళ్లయితే క్యూకి రండి, వెతుకుదాం. అక్కడి అడ్మిరల్టీ ఫైళ్ల వరుసల్లో స్టేషన్ ఉత్తరాలు ఏడీఎం 127లో, ఓడల లాగ్‌బుక్కులు ఏడీఎం 53లో ఉంటాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం, ఏ నేవీ అయినా సరే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

నిన్న కాకినాడ నుంచి కొత్త కేసు వచ్చింది. మెడల్స్ ఎప్పుడో అమ్మేశారట. టోపీ రిబ్బను మాత్రం ఉందని ఫొటో పెట్టారు. ‘హెచ్.ఎం.’ వరకు చక్కగా కనిపిస్తోంది, ఆ తర్వాత చెదలు తినేసింది. పెట్టె అడుగున పరిచిన పాత పేపర్ల కింద కూడా ఓసారి చూడమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు.