కార్డు కొనే ముందు ఎస్ఎంపీఎస్ స్టిక్కరు చదవండి: పాత గేమింగ్ పీసీల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల గుణుపూర్ నుంచి ఒక కుర్రాడు పాసింజరు బండిలో క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని పర్లాకిమిడిలో నా దుకాణానికి వచ్చాడు. విశాఖలో ఆర్‌ఎక్స్ 6600 అనే గ్రాఫిక్స్ కార్డు (ఆటల బొమ్మల్ని తెర మీదికి గీసే భాగం) కొని తనే బిగించుకున్నాడట. డెస్క్‌టాప్ వస్తోంది, వీడియోలు ఆడుతున్నాయి, ఆట మొదలెట్టిన అయిదు నిమిషాలకి మొత్తం ఆరిపోతోంది. "కార్డు పోయినట్టుందన్నా, వాపసు ఇచ్చేయనా?" అన్నాడు. మూత విప్పి చూశాను. కార్డు బంగారంలా ఉంది.

పాత పీసీకి కార్డు వేద్దామని వచ్చేవాళ్లంతా "ఏ కార్డు మంచిదన్నా?" అనే అడుగుతారు. నీ డబ్బాలో ఏముందో ముందు చెప్పమంటాను నేను. అక్కడే మొదలవుతాయి అపోహలు.

"450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉంది, ఏ కార్డైనా లాగేస్తుంది"

ఈ కుర్రాడి ఎస్ఎంపీఎస్ (పీసీ భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె) మీద కూడా పెద్దక్షరాల్లో 450 అనే ఉంది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన రకం. ఆ పెద్దక్షరాలు వదిలేసి, స్టిక్కరు మీద సన్న గళ్ల పట్టిక చూడండి. 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశాడో అదే అసలు సంగతి. ఇతనిదాంట్లో 16. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు వాట్లు. కార్డుకీ ప్రాసెసర్‌కీ కరెంటు దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే రావాలి. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కదానికే 132 వాట్లు కావాలి. అతని ఐ5-4570 ప్రాసెసర్ 84 వాట్లది. రెండూ కలిపి 216. ఆట జోరందుకుంటే ఆరిపోక ఏం చేస్తుంది?

తీగ చూస్తే ఇంకా భయమేసింది. ఎస్ఎంపీఎస్‌లో కార్డుకి కరెంటిచ్చే 8 పిన్నుల తీగ లేదని, పాత హార్డ్‌డిస్కులకి పెట్టే మోలెక్స్ తీగలు రెంటిని కలిపే కన్వర్టరు తగిలించాడు. తెల్ల ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకి తిరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన. కార్డుకి మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్లు, 6 పిన్నుల తీగ నుంచి ఇంకో 75, 8 పిన్నులదైతే 150. లెక్క ఇంతే. తీగ లేదంటే ఆ ఎస్ఎంపీఎస్‌ని అంత బరువుకి తయారుచేయలేదని అర్థం. కన్వర్టరు పెట్టినంత మాత్రాన దానికి బలం రాదు.

ఎస్ఎంపీఎస్ మార్చే డబ్బు లేకపోతే స్లాటు కరెంటుతోనే నడిచే కార్డు చూసుకోండి. జీటీఎక్స్ 1650లో తీగ అక్కర్లేని మోడళ్లున్నాయి. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 అయితే 70 వాట్లే. 8 జీబీ 3050 వేరు, దానికి 130 కావాలి. పేరొకటే కదా అని పొరపడకండి.

"మెమరీ ఎంత ఎక్కువుంటే కార్డు అంత గొప్పది"

జీటీ 730 అని 2014 నాటి కార్డు ఉంది. "4 జీబీ" అని డబ్బా మీద మెరిపిస్తారు. జీటీఎక్స్ 1650 కూడా 4 జీబీయే. కానీ 1650 మెమరీ సెకనుకి 128 జీబీ అందిస్తుంటే, డీడీఆర్3 అనే పాత రకం మెమరీ పెట్టిన 730 అందులో నాలుగో వంతు కూడా అందించలేదు. చెరువు పెద్దదైతే ఏం లాభం, తూము సన్నంగా ఉంటే మడికి నీరెక్కదు. అలాగని జీబీలు లెక్కలోకి రావని కాదు. ఇవాళ్టి పెద్ద ఆటలు ఫుల్ హెచ్‌డీలో ఆడాలంటే 8 జీబీ కన్నా తక్కువకి నేను కొనిపించను.

"పాత బోర్డుకి కొత్త కార్డు పట్టదు"

పడుతుంది. చూడాల్సింది దారి ఎంత వెడల్పో. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగు లేన్లే (డేటా నడిచే దారులు) ఇచ్చారు. కొత్త బోర్డులో పీసీఐఈ 4.0 (కార్డుకీ బోర్డుకీ మధ్య వేగమైన దారి) ఉంటుంది కాబట్టి ఎలాగో సర్దుకుంటుంది. మన దగ్గర తిరిగే హెచ్81 బోర్డులు పీసీఐఈ 2.0వి. అందులో వేస్తే దారి నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకి కార్డు మెమరీనంతా ప్రాసెసర్ ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి. అది లేని పాత పీసీకి వాటి జోలికి పోవద్దు.

"కార్డు మారిస్తే అన్ని ఆటలూ పరుగెడతాయి"

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆట సెట్టింగుల్లో రిజల్యూషన్ 720కి దించండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) బాగా పెరిగితే కార్డు చాలట్లేదన్నమాట, మార్చండి. అలాగే ఉండిపోతే ప్రాసెసరే ఆయాసపడుతోంది, ఎంత కార్డు వేసినా దండగ. ఒక్క ర్యామ్ పుల్లతో నడిపేవాళ్లు ముందు అలాంటిదే ఇంకోటి జత చేయండి. అది చూసి కార్డు కొనడమే మానేసినవాళ్లున్నారు, నా వ్యాపారం పోయినా సరే.

"మైనింగ్‌లో వాడిన కార్డు ముట్టకూడదు"

2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో డబ్బు కోసం కార్డుల్ని రాత్రింబగళ్లు నడిపే మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు సెకండ్‌హ్యాండ్‌లోకి కుప్పలుగా వచ్చాయి. ఫ్యాన్లు అరిగి, చిప్ వేడి లాగే పేస్టు ఎండి ఉండొచ్చు. రెండూ మార్చుకోవచ్చు. నాకు నకిలీలంటేనే ఎక్కువ భయం. పాత జీటీఎస్ 450 లాంటిదానికి బయోస్ (కార్డు లోపలి ప్రోగ్రాం) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అంటగడతారు. డబ్బులిచ్చే ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ ప్రోగ్రాం తెరవండి, చాలా నకిలీలని పేరు పక్కనే చూపించేస్తుంది. అసలు 1050 టీఐ అయినా, ఆ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ధర ఆ లెక్కలోనే బేరమాడండి.

"నా మానిటరుకి ఏ కార్డైనా సరిపోతుంది"

నీలం పిన్ను వీజీఏ మానిటరైతే సరిపోదు. ఇప్పటి కార్డులకి ఆ రంధ్రమే లేదు. కార్డు డిజిటల్ సిగ్నల్‌ని వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టరు ఖర్చు ముందే లెక్కేసుకోండి.

మన గుణుపూర్ కుర్రాడు మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ బిగించుకుని సాయంత్రం బండికి వెళ్లాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోను. "అన్నా, ఆరిపోవట్లేదు గానీ ఆట నత్తలా పాకుతోంది." మానిటర్ తీగ ఎక్కడ పెట్టావురా అంటే కాసేపు మాట్లాడలేదు. తొందర్లో కార్డుకి కాకుండా బోర్డుకే తగిలించాడు, కొత్త కార్డు ఊరికే కూర్చుంది.